వెట్ ప్యాలెట్: మూడు ముసుర్ల తర్వాత

చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసేటప్పుడు కలిపిన రంగు ఆరకుండా ఉంచే మూత డబ్బా ఇది: లోపల తడి స్పాంజి, దాని మీద కాగితం, ఆ కాగితం మీద రంగు. ఒకే ఒక్క గుణం కోసం దీన్ని మూడేళ్లుగా వాడుతున్నాను. నిన్న రాత్రి కలిపిన ఎరుపు ఇవాళ సాయంత్రానికి అదే ఎరుపుగా, అదే పల్చదనంతో దొరుకుతుంది. మూత బిగువు, క్లిప్పులు, కుంచెలు పెట్టుకునే గాడి గురించి అందరూ చెప్పేశారు, వాటి జోలికి వెళ్లను.

ఈ గుణం ఎందుకంత ముఖ్యమో చందుర్తి బొమ్మలు వేసినప్పుడు తెలిసింది. సంక్రాంతికి మొదలెట్టి ఉగాదికి ముగించే మా మిత్రుల చాలెంజ్‌లో 28 మి.మీ. సైనికుల బొమ్మలకు రంగులు వేస్తాం. గెలుపోటములు లేవు, మాటిచ్చిన పటాలం పూర్తి చేయాలి, అంతే. నా వంతు వచ్చింది 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో జరిగిన యుద్ధం. ఇంగ్లీషు సేనాని ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు ఒకవైపు. కాన్‌ఫ్లాన్స్ నడిపించిన ఫ్రెంచి సేన మరోవైపు. ఆ యుద్ధాన్ని మలుపు తిప్పింది కోటు రంగే. ఫోర్డ్ సేనలోని ఎర్రకోట్ల దేశీ సిపాయిలను చూసి ఇంగ్లీషు పటాలమే అనుకుని ఫ్రెంచి దళం వాళ్ల మీదికి వెళ్లింది. అసలు ఇంగ్లీషు పటాలం ఎత్తయిన పైరు చాటున ఉంది, అక్కడి నుంచి బయటికొచ్చి పక్క నుంచి కాల్చింది. అంచేత సిపాయి ఎరుపూ, తెల్లవాడి ఎరుపూ మూడడుగుల దూరం నుంచి ఒకటిగా కనపడి తీరాలి. సిపాయిలు 24, యూరోపియన్లు 24. మొత్తం 48 కోట్లు.

ఎరుపు మొండి రంగు. అడుగున ఉన్నదాన్ని సరిగ్గా కప్పదు. బొమ్మకు ముందుగా పూసే నల్ల ప్రైమర్ మీద నేరుగా వేస్తే నాలుగు పూతలైనా మచ్చలు మచ్చలుగానే ఉంటుంది. అందుకని ముందు కావల్రీ బ్రౌన్ అనే గోధుమరంగు ఒక పూత. ఆరాక ఫ్లాట్ రెడ్ రెండు పాళ్లు, బ్లాక్ రెడ్ ఒక పాలు కలిపి పల్చగా రెండు పూతలు, ముడతల లోతుల్లో బ్రౌన్‌ను అలాగే వదిలేస్తూ. చివర్న భుజాలకీ మోచేతులకీ ఫ్లాట్ రెడ్‌లో కొంచెం వెర్మిలియన్. తెలుపు మాత్రం కలపొద్దు, కోటు గులాబీ రంగుకు తిరుగుతుంది.

కష్టమంతా ఆ మధ్య ఎరుపుతోనే. పింగాణీ సాసర్లో కలిపితే ఫాల్గుణమాసంలో ఫ్యాను కింద పది నిమిషాలకే అంచులు మీగడ కడతాయి. నీళ్లు చుక్కేస్తే పల్చనవుతుంది, వేయకపోతే కుంచె గీతలు పడతాయి. మళ్లీ కొత్తగా కలిపితే పన్నెండో కోటుకీ ముప్పయ్యో కోటుకీ తేడా పగటి వెలుగులో పట్టిస్తుంది. వెట్ ప్యాలెట్ మీద 12 చుక్కలకు 6 చుక్కలు ఒకేసారి కలిపాను. నాలుగు రాత్రులు, 48 కోట్లు, ఒకే కలయిక. రోజూ కూర్చోగానే పాత కుంచెతో ఒకసారి అడుగు దాకా కలియబెట్టాలి, ఎందుకంటే రంగుపొడి కిందికి దిగుతుంది. ఇంతకుమించి శ్రమ లేదు. కోట్లన్నీ వరసలో నిలబెట్టి చూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

ఇది మాఘ ఫాల్గుణాల సంగతి. శ్రావణంలో ఇదే డబ్బా వేరే వస్తువు అయిపోతుంది.

మొదటి ముసురులోనే దెబ్బ తగిలింది. కోనసీమలో ఆ రోజుల్లో తలుపు చెక్క ఉబ్బుతుంది, ఉప్పు చెమ్మగిల్లుతుంది. రంగు ఆరిపోతుందన్న వేసవి భయంతో స్పాంజి నిండా నీళ్లు పోసి, మూత బిగించి, ఆరు రోజులు తీయలేదు. తీసేసరికి ముక్కిపోయిన వాసన. కాగితం కింద స్పాంజి మీద నల్లటి చుక్కలు, మిగిలిన గోధుమరంగు మీద సన్నటి తెల్లటి నూగు. పైపై నూగు తీసేసి అదే రంగు వాడడం పెద్ద తప్పు. నాలుగు బొమ్మల మొహాల మీద ఇసుక చల్లినట్టు గరుకు తేలింది. వార్నిష్ వేశాక అది ఇంకా ఎక్కువ కనపడింది. చివరికి ఆ నాలుగు మొహాలనూ పూర్తిగా కడిగి మళ్లీ వేయాల్సొచ్చింది.

కారణం డబ్బాలో లేదు. సీసాలో ఉన్న రంగుకు బూజు పట్టకుండా మందు కలుపుతారు. మనం నీళ్లు కలిపేకొద్దీ ఆ మందు పల్చబడుతుంది. పైగా కింద తడి, పైన మూత, చుట్టూ ఉక్క. బూజుకు ఇంకేం కావాలి? బోరునీళ్లు వాడితే ఇంకో చిక్కు. ఇనుము, ఉప్పు ఉన్న నీళ్లకు కాగితం మీద తుప్పు రంగు చారలు పడి లేత రంగుల్లోకి దిగుతాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరు సీసా కొనుక్కుంటే నెలలు వస్తుంది.

స్పాంజి శుభ్రం చేసే పద్ధతి ఇదీ. వేడినీళ్లలో నాలుగైదుసార్లు పిండి, లీటరు నీళ్లకు ఒక చెంచా ద్రవరూపపు బ్లీచ్ కలిపి పావుగంట నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా మంచినీళ్లతో కడిగి, ఎండలో ఎండబెట్టాలి. వాళ్లూ వీళ్లూ చెప్పే బ్లీచింగ్ పౌడరు వద్దు, సున్నం పొడి స్పాంజి రంధ్రాల్లో ఉండిపోతుంది. నల్లమచ్చలు పూర్తిగా పోవు, వాసన పోతే చాలు. స్పాంజి కింద రాగితీగ ముక్క పెడితే బూజు ఆలస్యమవుతుంది గానీ ఆగదు. వానాకాలంలో నిజంగా పనిచేసింది ఒక్కటే: రెండు రాత్రులకు మించి రంగు ఉంచకపోవడం, మూడో రోజు కాగితం పారేసి స్పాంజి కడిగి ఆరబెట్టడం. అంటే దేనికోసం కొన్నామో ఆ గుణమే ఆ మూడు నెలలూ సగానికి పడిపోతుంది.

నీళ్ల కొలత కూడా మారాలి. మే నెలలో నా స్పాంజికి సుమారు 60 మి.లీ. పడితే ఆగస్టులో 35 చాలు. కాగితం నిగనిగలాడాలి గానీ దాని మీద నీళ్లు నిలవకూడదు. నిలిస్తే రంగు తనంతట తనే పాకి, అంచున నీరు, నడుమ ముద్దగా విడిపోతుంది.

కాగితం విషయంలో చాలామంది మోసపోతారు. కంపెనీ కాగితాలు అయిపోయాక ఇక్కడి కొట్లలో బటర్ పేపర్ అడిగితే మూడు రకాలు చేతిలో పెడతారు. మైనం పూసినది తడిని పైకి రానివ్వదు. గోటితో గీకితే మైనం లేస్తుంది, అదే గుర్తు. పుస్తకాల షాపులో దొరికే, గీతలు దించుకునే రకం నీళ్లకు ముడతలు పడి, పీచు రేగి రంగులో కలుస్తుంది. కేకులు కాల్చేటప్పుడు ట్రేలో పరిచే బేకింగ్ పేపరే పనికొస్తుంది. దాన్ని కూడా పరిచేముందు రెండు వైపులా తడిపి, మధ్య నుంచి అంచులకు వేలితో తోసి గాలిబుడగలు తీసేయాలి. బుడగ ఉన్న చోట రంగు ఎండిపోతుంది.

మెటాలిక్ రంగులు దీని మీద వేయొద్దు. తుపాకీ గొట్టానికి వేసే వెండిరంగులోని మెరుపు రేకులు నీళ్లలో తేలి పక్కనున్న ఎరుపులోకి చేరతాయి. ఒకసారి చేరితే ఆ కలయిక అంతా పారబోయాల్సిందే. వాష్‌లకూ ఇది అక్కర్లేదు, అవి ముడతల్లో నీడల కోసం వేసే రంగునీళ్లు, ఎలాగూ పల్చనే. ఈ రెంటికీ నాకు ఇప్పటికీ పింగాణీ సాసరే.

మొదట్లో ఎవరడిగినా ఇది లేకుండా కుంచె పట్టొద్దని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. నాకు దొరికేది రాత్రిపూట గంట, గంటన్నర, వేసేది పెద్ద పటాలాలు. ఒకే రంగు రోజుల తరబడి కావాలి కాబట్టి నాకు ఇది లాభం. ఆదివారం ఒక్కపూట కూర్చుని నాలుగు బొమ్మలు ముగించేవాళ్లకు అంత అవసరం రాదు. ఏసీ గదిలో వేసేవాళ్లకు బూజు బెడద నా అంత ఉండకపోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే ముందు మూత గట్టిగా పడే స్వీటు డబ్బాలో మూడు మడతల కిచెన్ టిష్యూ, పైన బేకింగ్ పేపర్ వేసి ఒక పటాలం పూర్తి చేసి చూడండి. టిష్యూ తడికి బూజు ఇంకా త్వరగా పడుతుంది గానీ కడిగే పని లేదు, తీసి పారేయడమే. ఈ ఆషాఢం నుంచి నేను చేస్తున్నదీ అదే. కొన్న డబ్బాను కడిగి ఆరబెట్టి, కార్తీకం దాకా పైన పెట్టేశాను.