మార్ఖా లోయ ట్రెక్: ఖాళీ సిలిండరు, హంకర్‌లో అమాలే ఇల్లు

ముందే చెప్పేస్తున్నా. లద్దాఖ్‌లో మార్ఖా లోయకి తప్పకుండా వెళ్ళండి. కానీ మాలాగా హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో ప్యాకేజీ మాత్రం కొనుక్కోకండి. మనిషికి 27,500 చొప్పున ముగ్గురికి 82,500 కట్టాం. అంత డబ్బు పోసి కొన్నదాంట్లో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికి రావాల్సిన ఒకే ఒక్క వస్తువు, ఆక్సిజన్ సిలిండరు, ఆ రోజు పనికి రాలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నా.

వెళ్ళింది నేను, మా ఆవిడ, ఆవిడ తమ్ముడు. 2023 ఆగస్టు. బావమరిదికి 29 ఏళ్ళు, ఆదివారం వస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్రికెట్ ఆడే మనిషి, మా ముగ్గురిలో గట్టివాడు వాడే. ఎవరికైనా ఏదైనా అయితే నాకో మా ఆవిడకో అవుతుందనుకున్నాం. ఎత్తు మీద వచ్చే జబ్బుకి, ఒంట్లో ఉన్న బలానికి సంబంధం లేదని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ప్యాకేజీలో లేహ్‌లో ఒక్క రాత్రి మాత్రమే ఇచ్చారు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. విమానం దిగినవాళ్ళు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవాలని ఎయిర్‌పోర్టులోనే మైకులో చెప్తారు. బయల్దేరే ముందే నేను కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి అడిగితే, "సార్, మొదటి రోజు మీరు పడుకునే స్క్యూ ఊరు లేహ్ కంటే కిందే ఉంటుంది, అక్కడ అలవాటైపోతారు" అన్నాడు. స్క్యూ లేహ్ కంటే కిందే, ఆ మాట నిజమే. కానీ మూడో రాత్రి తర్వాత ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. అది అడగాలని నాకూ తట్టలేదు. మీకు తట్టాలనే చెప్తున్నా: ఎవరేం చెప్పినా లేహ్‌లో నిండుగా రెండు రోజులు, వీలైతే మూడు, ఏ పనీ పెట్టుకోకుండా ఉండండి. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది రోజుకి 1,800. ఇంకో రెండు రాత్రులు ఉంటే అయ్యే ఖర్చు 3,600. ఆ 3,600 మిగుల్చుకుని తర్వాత ఎంత పోగొట్టుకున్నామో కింద లెక్కతో సహా రాస్తా.

గైడ్ ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఈ దారికి అప్పటికి రెండోసారి వస్తున్నాడట. మంచి పిల్లాడు, కష్టపడతాడు, వాడి మీద నాకు కోపం లేదు. వాడిని పంపినవాళ్ళ మీదే.

మొదటి రెండు రోజులు హాయిగా గడిచాయి. నిమ్ము దగ్గర సింధు, జంస్కార్ నదులు కలిసే చోటు చూసుకుంటూ చిలింగ్ మీదుగా స్క్యూ చేరాం. మర్నాడు మార్ఖా దాకా దాదాపు 20 కిలోమీటర్లు నడిచాం. జీపు రోడ్డు ఏటేటా లోపలికి వస్తోంది, దుమ్ము కూడా దాంతోపాటే వస్తోంది. నడక మీద ఇష్టం ఉన్నవాళ్ళు త్వరగా వెళ్ళడం మంచిది.

మూడో రోజు మార్ఖా దాటాక ఏట్లో దిగి అవతలికి పోవాలి. అక్కడి ఏళ్ళలో నీళ్ళు మంచు కరిగి వచ్చేవి. పొద్దున్నే తక్కువగా ఉంటాయి, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతాయి. మేం తొందరగా కదలాల్సింది, గుర్రాల కోసం చూసి చూసి పదిన్నరకి బయల్దేరాం. ఏటి దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. కాళ్ళు ఎక్కడున్నాయో తెలియనంత చల్లదనం. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని దాటింది, అవతలి ఒడ్డున కూర్చుని బూట్లు కట్టుకుంటూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మౌనం ఏమిటో నాకు తెలుసు. తెచా గోంపా (బౌద్ధ మఠం) కొండ కొమ్ము మీద గూడు కట్టినట్టు ఉంటుంది, అక్కడ కూడా ఆవిడ తలెత్తి చూడలేదు.

ఆ కోపం హంకర్‌లో పోయింది.

హంకర్ లోయలో చివరి ఊరు, 4,000 మీటర్లకి కాస్త తక్కువ. అది దాటితే ఇక పశువుల కాపరుల రాతి గుడిసెలే. మమ్మల్ని దించిన ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. అక్కడ అమ్మని "అమాలే" అంటారు, ఆ "లే" మన "గారు" లాంటిది. వంటగదే వాళ్ళకి హాలు కూడా. నడుమ ఇనుప పొయ్యి, అందులో పిడకలు, గోడ నిండా అరల్లో తళతళా మెరిసే రాగి, ఇత్తడి గిన్నెలు. అమాలే చేతిలోని రాగి గరిటె చిలింగ్‌లో చేసిందట. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా లోహపు పనివాళ్ళు. మేం జీపులో ఆ ఊరు దాటి వచ్చాం, ఎవరూ ఆపి చూపించలేదు. మీరు మాత్రం ఒక గంట ఆగండి.

ఆ రాత్రి స్క్యూ అనే వంట చేసింది. మేం మొదటి రోజు పడుకున్న ఊరి పేరు, ఈ వంట పేరు మన నోటికి ఒకేలా వినిపిస్తాయి. గోధుమపిండి ముద్దని చిన్న ఉండలుగా తుంచి, ఒక్కో ఉండని బొటనవేలితో గుంట పడేలా నొక్కుతారు, అచ్చం మనం గవ్వలు నొక్కినట్టు. మా ఆవిడ చూసి చూసి ఆగలేక చేతులు కడుక్కుని పక్కన కూర్చుంది. ఇద్దరికీ వచ్చిన హిందీ అంతంతమాత్రం, కానీ గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. ఆ ఉండల్ని బంగాళాదుంప, టర్నిప్, క్యారెట్, ఏదో ఆకుకూరతో కలిపి చిక్కగా ఉడికించింది. మసాలా లేదు, కారం లేదు, ఉప్పు కూడా తక్కువే. అయినా నేను మూడు గిన్నెలు తిన్నాను. మేం తెచ్చుకున్న కందిపొడి డబ్బా తీసి మా ఆవిడ అమాలేకి ఒక చెంచా వేసింది. ఆవిడ దాన్ని నాలుక మీద పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుని, వాళ్ళ పేలపిండిలో, అంటే త్సంపాలో, కలుపుకుని తినేసి మళ్ళీ చెయ్యి చాపింది. వెన్న వేసి చిలికిన ఉప్పు టీ మాత్రం నాకు నచ్చలేదు. రెండో కప్పు పొయ్యకుండా చూసుకోవాలంటే మొదటి కప్పు ఖాళీ చెయ్యకూడదు, చేస్తే వెంటనే నింపుతారు.

బాత్రూమ్ గురించి కూడా చెప్పాలి. నీళ్ళు వాడని మరుగుదొడ్డి అది. కింద గొయ్యి, పక్కన మట్టి, బూడిద, ఒక పార. పని అయ్యాక మట్టి వెయ్యాలి. వాసన రాదు, మన ఊళ్ళల్లో చాలా లాడ్జీల కంటే శుభ్రంగా ఉంది. నీళ్ళు పొయ్యకూడదు, కాబట్టి టిష్యూలు తీసుకెళ్ళండి, వాడినవి వెనక్కి తెచ్చుకోండి.

ఇక నాలుగో రోజు. హంకర్ నుంచి నిమాలింగ్. ఒక్క రోజులో దాదాపు 800 మీటర్లు ఎక్కి 4,700 మీటర్ల పైన పడుకోవడం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని డాక్టర్లు చెప్తారు. దారి మధ్యలో తచుంగ్సే అని చక్కటి చోటు ఉంది, 4,200 మీటర్లు, అక్కడ ఒక రాత్రి ఆగితే సరిపోయేది. మా ప్యాకేజీలో ఆ ఆగడం లేదు, ఎందుకంటే ఒక రోజు పెరిగితే వాళ్ళకి ఒక రోజు ఖర్చు.

నిమాలింగ్ పెద్ద పచ్చిక మైదానం. ఎదురుగా 6,400 మీటర్ల కాంగ్ యాట్సే శిఖరం. చూసే స్థితిలో లేము. నాలుగింటికి బావమరిది "బావా, తల పగిలిపోతోంది" అన్నాడు. ఐదింటికి రెండుసార్లు వాంతి. ఆరింటికి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్ వేలికి పెడితే 68 శాతం. నేను గైడ్‌తో సిలిండర్ తియ్యమన్నాను. మూట విప్పి తెచ్చాడు. మోకాలంత సిలిండరు, మాస్కు ఇంకా ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంది. మీటర్‌లో ముల్లు సున్నా మీద ఉంది. నాబ్ తిప్పాం. బుస్సుమని రావాలి కదా, ఏమీ రాలేదు. ఇంకొంచెం తిప్పాం. గైడ్ ముఖం పాలిపోయింది. "ఆఫీసులో ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చాను సార్" అన్నాడు. మా ఆవిడ సిలిండర్ వైపు ఒకసారి, తమ్ముడి వైపు ఒకసారి చూసి, "ఏమండీ, ఇప్పుడేం చేద్దాం" అంది. ఆ గొంతు నేను మర్చిపోలేను.

ఏం చెయ్యాలో చెప్పింది గుర్రాలాయన. మార్ఖా లోయ మనిషే, యాభై ఏళ్ళుంటాయి. బావమరిదిని లేపి టెంటు తాడు వెంబడి, మడమకి వేలు తగిలేలా, గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. మూడో అడుగుకే వాడు పక్కకి తూలాడు. "ఆగేది లేదు, ఇప్పుడే దిగాలి" అని హిందీలో అని, మా జవాబు కోసం చూడకుండా గుర్రానికి జీను కట్టాడు. తల లోపల వాపు మొదలైతే నడక అలా తూలుతుందని తర్వాత లేహ్‌లో డాక్టర్ చెప్పారు. దానికి అసలు మందు కిందికి దిగడమే, సిలిండరూ మాత్రలూ దిగే లోపు సాయం మాత్రమే అని కూడా. అయితే ఆ సాయానికే కదా మేం డబ్బు కట్టింది.

చీకట్లో హెడ్‌ల్యాంపులు పెట్టుకుని, వాడిని గుర్రం మీద చెరోపక్కా పట్టుకుని, తచుంగ్సే చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడ ఎండాకాలంలో టీ అమ్మే పారాషూట్ గుడ్డ టెంటు ఉంటుంది, పరుపులు కూడా వేస్తారు. 500 మీటర్లు దిగామంతే. పదకొండింటికి వాడు నీళ్ళు అడిగాడు, తాగినవి లోపల ఆగాయి. తెల్లారి ఆక్సీమీటర్ 82 చూపించింది. పొద్దున్నే ఇంకా దిగి మళ్ళీ హంకర్‌లో అమాలే ఇంటికే వెళ్ళాం. ఆవిడ ఏమీ అడగలేదు, వాడిని ఎండ పడే కిటికీ పక్కన పడుకోబెట్టి రెండు గంటలకోసారి పల్చటి తుక్పా (సూప్) తాగించింది.

డబ్బుల సంగతి ఆ రోజే తెలిసింది. గోడ మీద కాగితం అంటించి ఉంది: మనిషికి రాత్రికి మూడు పూటల భోజనంతో 1,500. మేం 4,500 చేతిలో పెడితే లెక్కపెట్టుకుని తీసుకుంది. మా కంపెనీ ఎంత ఇస్తుందని మా ఆవిడ అడిగితే, మనిషికి 900, అదీ సీజన్ అయిపోయాక ఒకేసారి, పోయినేడాది బాకీ ఇంకా ఉంది అంది. మా దగ్గర 27,500 తీసుకుని, మాకు అన్నం పెట్టి చూసుకున్న ఆవిడకి 900, అదీ అప్పు.

గైడ్ "తర్వాతి బ్యాచ్ ఉంది" అని ఫోన్ వస్తే వెళ్ళిపోవాల్సి వచ్చింది. అమాలే మేనల్లుడు మాకు గైడ్‌గా వచ్చాడు, రోజుకి 2,000. డాక్టర్‌ని చూడకుండా మళ్ళీ ఎక్కడం నాకు ఇష్టం లేదు. బావమరిదికి తలనొప్పి పూర్తిగా పోయింది, నడక సరిగ్గా ఉంది, కొంచెం తేడా వచ్చినా వెనక్కే అన్న ఒప్పందం మీద ఒక రాత్రి తచుంగ్సేలో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి వాడిని గుర్రం ఎక్కించి బయల్దేరాం. అదే పరిస్థితి మీకొస్తే దిగి వెళ్ళిపొమ్మనే చెప్తా. మాకు బాగానే జరిగింది, అంతే. పదిన్నరకి కొంగ్మారు లా అనే కనుమ ఎక్కాం, 5,200 మీటర్లకి పైనే. గాలికి జెండాలు పటపటా కొట్టుకుంటుంటే మా ఆవిడ తమ్ముడిని పట్టుకుని ఏడ్చింది. దిగడం సన్నటి గండిలో, నీళ్ళలో దిగి ఎక్కి దిగి, చోక్దో చేరేసరికి నా మోకాళ్ళు అయిపోయాయి. కర్రలు రెండూ ఉండాలి, ఒకటి చాలదు.

మా అదనపు ఖర్చు: రాత్రి గుర్రం 2,500, తచుంగ్సేలో రెండు రాత్రులు 3,000, హంకర్ 4,500, గైడ్ 4,000, గుర్రం 4,000, చోక్దో నుంచి లేహ్‌కి బండి 3,500, విమానం టికెట్ల తేదీ మార్చడానికి 9,750. మొత్తం 31,250. కంపెనీకి సిలిండర్ ఫొటోలతో సహా మెయిల్ పెట్టి పదకొండుసార్లు ఫోన్ చేస్తే, వచ్చే ట్రెక్‌కి 6,000 కూపన్ ఇస్తామన్నారు. వద్దన్నాను.

మళ్ళీ వెళ్తే ఇలా వెళ్తా: లేహ్‌లో మూడు రాత్రులు, అక్కడే తిరిగి చూసుకుని లోకల్ గైడ్‌ని మాట్లాడుకోవడం, ఊళ్ళల్లో ఇళ్ళల్లోనే ఉండి డబ్బు ఇంటావిడ చేతికే ఇవ్వడం, తచుంగ్సేలో ఒక రాత్రి తప్పనిసరి. కంపెనీతోనే వెళ్తున్నారా, అయితే లేహ్‌లో బండి ఎక్కే ముందే సిలిండర్ మీ ఎదురుగా తిప్పి చూపించమనండి. గాలి చప్పుడు మీ చెవులతో వినేదాకా బండి ఎక్కకండి. ఎత్తు మీద వచ్చే జబ్బుకి వాడే డైమాక్స్ మాత్రల గురించి ఇక్కడే మీ డాక్టర్‌ని అడిగి వెళ్ళండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, లోయ లోపల అదీ చాలాచోట్ల అందదు. తిరుగు టికెట్‌కి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

ఈ ఏడాది జూలై, ఆగస్టుల్లో ఎవరైనా హంకర్ మీదుగా వెళ్తుంటే నాకు చెప్పండి. మా ఆవిడ అరకిలో కందిపొడి కొట్టి ఇస్తానంటోంది, అమాలేకి చేర్చాలి.