విండోస్ టెర్మినల్: చెప్పిన చోట తెరుచుకుంటుందా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గరి కమీషన్ కొట్టయినా, విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపైనా, బిల్లింగ్ కంప్యూటర్‌లో బ్యాకప్ బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా రాసి పెట్టుకున్న ఫైల్) నడుస్తుంటే ఆ నల్ల విండో వచ్చి బిల్లు మొత్తం మీదే కూర్చుంటుంది. పాత కమాండ్ ప్రాంప్ట్‌తో ఇంకో ముప్పుంది. క్విక్ ఎడిట్ (మౌస్‌తో అక్షరాలు ఎంచుకునే సదుపాయం) ఆన్‌లో ఉన్నప్పుడు ఆ నలుపు మీద మౌస్ నొక్కితే టైటిల్‌లో సెలెక్ట్ అని పడి బ్యాకప్ అక్కడే ఆగిపోతుంది. ఎస్కేప్ కొట్టేదాకా కదలదు. అందుకే విండో ఎక్కడ తెరుచుకుంటుందనేది చిన్న విషయం కాదు.

పాత కన్సోల్‌లో, అంటే ఆ కమాండ్ ప్రాంప్ట్ విండోలో, పద్ధతి తేలిక. బ్యాచ్ ఫైల్‌కి షార్ట్‌కట్ చేసి, దాని ప్రాపర్టీస్‌లో లేఅవుట్ ట్యాబ్ తెరవండి. లెట్ సిస్టమ్ పొజిషన్ విండో టిక్కు తీసేయండి. 1366×768 మానిటర్, 100 శాతం స్కేలింగ్, కన్సోలాస్ 16 ఫాంట్ అయితే వెడల్పు 60 అక్షరాలు, ఎత్తు 10 వరసలు, లెఫ్ట్ 850, టాప్ 520 పిక్సెళ్లు ఇవ్వండి. టాస్క్‌బార్‌కి పైన, కుడి మూలకి ఒదిగిపోతుంది. వెడల్పు 120 ఉంచి లెఫ్ట్ 850 ఇస్తే మాత్రం సగం విండో తెర బయటే. ఈ కొలతలు ఆ ఒక్క షార్ట్‌కట్‌కే ఉంటాయి, మిగతా విండోల జోలికి పోవు. అదే షార్ట్‌కట్ రెండుసార్లు తెరిస్తే రెండోది మొదటిదాని నెత్తిమీదే పడుతుంది, గమనించుకోండి.

2022 అక్టోబరు నుంచి విండోస్ 11లో ఇలాంటి కమాండ్ విండోలు డిఫాల్ట్‌గా తెరుచుకునేది విండోస్ టెర్మినల్ అనే కొత్త యాప్‌లో. అది వచ్చాక పై లేఅవుట్ అంకెలు పనిచేయవు, చాలామంది తికమకపడేది ఇక్కడే. కంట్రోల్, కామా నొక్కి స్టార్టప్‌లోకి వెళ్తే లాంచ్ పొజిషన్, లాంచ్ సైజ్ కనిపిస్తాయి. రెండో మానిటర్ ఎడమవైపు ఉంటే ఎక్స్ (అడ్డంగా ఎక్కడ అనే) విలువ మైనస్‌లో ఇవ్వాలి: 1920 వెడల్పు తెరకి -1920, 0. పాత సెషన్ విండోలు తిరిగి తెరవమని పెట్టి ఉంటే మీ అంకెల్ని పక్కనపెట్టి పోయినసారి ఉన్న చోటే తెరుస్తుంది. కొత్తది పాత విండోలోనే ట్యాబ్‌గా రావాలని ఉంటే పొజిషన్ ప్రసక్తే లేదు.

అసలు లోపం, ఈ పొజిషన్ అన్ని ప్రొఫైళ్లకీ (ఒక్కో పనికి విడిగా పెట్టుకునే సెట్టింగులకీ) ఒకటే. బ్యాకప్‌కి మూల, సర్వర్‌కి రెండో తెర కావాలంటే సెట్టింగ్స్‌లో దారి లేదు. షార్ట్‌కట్ టార్గెట్‌లో డబ్ల్యూ-టీ తర్వాత ఖాళీ వదిలి, రెండు హైఫన్లు, పీ-ఓ-ఎస్, మళ్లీ ఖాళీ, 850,400 అని రాయాలి. కౌంటర్ మీది గుమాస్తా చేత చేయించే పనా ఇది? లాంచ్ సైజ్ అదే 60, 10 ఇచ్చినా ట్యాబ్ వరస, అంచుల ఖాళీ కలిసి విండో కాస్త పెద్దదవుతుంది కాబట్టి టాప్ 520 బదులు 400 దగ్గర మొదలుపెట్టి సరిచేసుకోండి. మౌస్ నొక్కితే పని ఆగిపోయే బెడద మాత్రం ఇందులో లేదు, అది పెద్ద మేలు.

రెండింట్లో ఏదైనా సరే, చోటు మారినా కీబోర్డు కొత్త విండోకే పోతుంది. బిల్లు కొడుతుండగా అంకెలు అందులో పడకూడదంటే షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో రన్ దగ్గర మినిమైజ్డ్ ఎంచుకోండి.

రెండో మానిటర్ తీగ ఊడి విండో కనబడకుండా పోతే టాస్క్‌బార్‌లో దాన్ని ఎంచి ఆల్ట్-స్పేస్, ఎమ్, ఒక బాణం కీ నొక్కి మౌస్ కదిపితే చేతికొస్తుంది.

ఒకే తెర ఉన్న బిల్లింగ్ కౌంటర్‌కి సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ టెర్మినల్‌ని విండోస్ కన్సోల్ హోస్ట్‌కి (పాత కన్సోల్‌కి) మార్చి, క్విక్ ఎడిట్ తీసేసి వాడమంటాం. రెండు తెరలతో ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి టెర్మినలే మేలు. టెర్మినల్‌కి పొజిషన్ ఒక్కదానికే మార్కులంటే 5కి 3.