జిన్నింగ్ మిల్లు ఆఫీసుకు ఏది మేలు: అద్దాలా, వరండానా?

వరంగల్ చుట్టుపక్కల కొత్తగా జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) కడుతున్నారంటే షెడ్డు గురించి పెద్దగా చర్చ ఉండదు. ఇనుప ఫ్రేము, పైన రేకులు, అంతే. తర్జనభర్జన అంతా ముందువైపు వచ్చే ఆఫీసు మీదే. రోడ్డు వైపు మొత్తం నీలం అద్దాలు బిగించి సెంట్రల్ ఏసీ పెట్టాలా? లేక మామూలు గోడలు, సజ్జలు, వరండా చాలా?

నా ఓటు వరండాకే. కరెంటు బిల్లు సంగతి తర్వాత, ముందు మిల్లు సీజన్ చూడండి. పత్తి దసరా నుంచి మొదలై ఫిబ్రవరి, మార్చి దాకా వస్తుంది. ఆఫీసు కిటకిటలాడేది ఆ నెలల్లోనే. అప్పుడు ఫ్యాను ఉంటే సరిపోతుంది. ఎండలు 44, 45 డిగ్రీలకు చేరేసరికి పత్తి రాక తగ్గిపోయి, లోపల లెక్కలు చూసుకునే నలుగురైదుగురే మిగులుతారు. అంటే సెంట్రల్ ఏసీ పెట్టేది ఎక్కువగా ఖాళీ కుర్చీల కోసం.

పైగా అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. వెలుతురు బాగా వస్తుంది కదా అంటారు. వచ్చేదే, కానీ కళ్లలో పడుతోందని వారం తిరక్కుండా కర్టెన్లు వేసి, పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుంటారు. మిల్లు దుమ్ము, దూది పోగులు అద్దానికి పట్టుకుంటే తుడవడం అదనపు పని. బయటి నుంచి వచ్చే కొనుగోలుదారుకు చూడ్డానికి బాగుంటుందన్న వాదన ఒక్కటే నిలబడుతుంది. దాన్ని కాదనను.

ఏ దిక్కుకు కడుతున్నామన్నది అద్దం కంటే పెద్ద విషయం. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. నాలుగడుగుల ఎత్తు కిటికీకి దక్షిణం వైపు రెండడుగుల సజ్జ వేస్తే మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఎండ దాని మీద పడదు. పడమర ఎండకు మాత్రం సజ్జ అక్కరకు రాదు, సాయంత్రం సూర్యుడు ఏటవాలుగా నేరుగా లోపలికొస్తాడు. అందుకే బిల్డింగ్ తూర్పు పడమరలుగా పొడవుగా, వెడల్పు తక్కువగా ఉండాలి. పడమర కొసకు మెట్లు, బాత్‌రూములు, పాత రికార్డుల గది నెట్టేయాలి. ప్లాటు రోడ్డుకు అడ్డదిడ్డంగా ఉందంటారా, ఆఫీసు రోడ్డుకు పక్కకు తిరిగి ఉంటే వచ్చే నష్టమేమీ లేదు.

వరండా విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. మిల్లు ఆఫీసు లోపల కూర్చునేవాళ్ల కంటే బయట నిలబడేవాళ్లే ఎక్కువ. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోళ్లలో 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, 12 దాటితే తీసుకోరు. అందుకే తేమ మీటరు దగ్గర రైతులు, కాంటా చీటీల కోసం డ్రైవర్లు గంటలు గంటలు నిలబడతారు. పదడుగుల వరండా గోడకు నీడ, వాళ్లకూ నీడ. అద్దాల నమూనాలో వీళ్లకు చోటే ఉండదు. గీసినవాళ్లకు వీళ్లు కనపడరు కాబోలు.

ఇక గోడ దేనితో? ఎర్ర ఇటుకకు మట్టి తవ్వాలి, బట్టీలో కాల్చాలి. బూడిద ఇటుకకు కాల్పు అక్కర్లేదు. రామగుండం, భూపాలపల్లి థర్మల్ కేంద్రాలు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి బూడిదకు కొరత లేదు. బరువు, వేడి సంగతి చూస్తే మాత్రం తేలికపాటి కాంక్రీటుతో చేసే ఏఏసీ బ్లాకులదే పైచేయి. గాలి బుడగలతో నిండి ఉండి నీళ్ల మీద తేలేంత తేలిక (రామప్ప గుడి శిఖరం ఇటుకలూ తేలతాయని మనకు గొప్పే కదా). నల్లరేగడి నేలలో పునాదికి ఆ తేలికదనం కలిసొస్తుంది. అయితే వాటి మీద మామూలు మేకులు నిలవవు, పని తెలియని మేస్త్రీ చేతిలో ప్లాస్టరింగ్ పగుళ్లిస్తుంది. నేనైతే పడమర, దక్షిణ గోడలకు ఏఏసీ, బరువైన ర్యాకులు బిగించే లోపలి గోడలకు బూడిద ఇటుక వాడమంటాను.

చల్లదనానికి ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో కూలర్ చాలు. వానలు మొదలయ్యాక దాని పని అయిపోతుంది. దూది పోగులు ప్యాడ్లలో ఇరుక్కుంటాయి కనుక మిల్లుకు దూరంగా ఉన్న గోడకే బిగించాలి. అకౌంట్స్ గదికి ఒక స్ప్లిట్ ఏసీ పెట్టి 24 దగ్గర ఉంచండి. దూది నాణ్యత చూసే హెచ్‌వీఐ యంత్రం కొంటే మాత్రం బేరాల్లేవు. ఆ గదిలో 20, 21 డిగ్రీలు, 65 శాతం తేమ ఏడాదంతా ఉండాలి.

ఖర్చు తగ్గుతుందని షెడ్డులోనే ఒక మూల క్యాబిన్ వేసేవాళ్లూ ఉన్నారు. జిన్నుల చప్పుడు, దుమ్ము, నిప్పు భయం మధ్య మనుషుల్ని కూర్చోబెట్టడమెందుకు? వద్దు.

కప్పు విషయంలో 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలకు చల్లటి కప్పు తప్పనిసరి చేసింది, కాబట్టి ఆఫీసు స్లాబుకు తెల్ల పూతో, తెల్ల టైల్సో వేయాల్సిందే. సోలార్ పలకలు షెడ్డు మీద పెట్టుకోండి, చోటుకు లోటుండదు. ఆ రేకుల మీద పడే వాననూ వదలొద్దు. వంద చదరపు మీటర్ల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. దుమ్ముతో వచ్చే మొదటి నీళ్లు పక్కకు వదిలేసి, మిగతాది అగ్నిప్రమాదాల కోసం కట్టే ట్యాంకులోకి మళ్లించవచ్చు.

అద్దం మీద ఓనరు మరీ ముచ్చటపడితే ఉత్తరం వైపు, రిసెప్షన్ మేరకు పెట్టించండి, వేసవి ఎండకు పైన సజ్జ మర్చిపోకుండా.