పొట్ట ఆపరేషన్ తర్వాత నొప్పికి ఎపిడ్యూరలా, టాప్ బ్లాకా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు పొట్ట ఆపరేషన్ అంటే బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో వెళ్తుంటారు. సర్జన్ ఎవరని నలుగురినీ వాకబు చేస్తారు గానీ మత్తు డాక్టర్‌ని పలకరించేవాళ్లు తక్కువ. ఆ రాత్రి కునుకు పడుతుందా లేదా అన్నది చాలావరకు ఆయన చేతిలోనే ఉంటుంది మరి.

బొడ్డుకు పైనా కిందా పెద్ద కోత అయితే నా ఓటు ఎపిడ్యూరల్‌కే. వెన్నులో సన్నటి ట్యూబు పెట్టి రెండు మూడు రోజులు మందు ఎక్కిస్తారు. కోత నొప్పే కాదు, లోపలి నొప్పీ తగ్గుతుంది. రోగి పొట్టకు దిండు అదుముకుని గట్టిగా దగ్గగలగాలి. నొప్పికి భయపడి దగ్గు ఆపుకుంటే కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు. అయితే దీనితో బీపీ పడిపోవచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు చాలాసార్లు పనికిరాదు. రాత్రంతా బీపీ చూసే సిస్టర్ లేని చోట వద్దనే అంటాను.

హెర్నియా, బొడ్డు కింద కోతతో చేసే గర్భసంచి ఆపరేషన్ లాంటివాటికి టాప్ బ్లాక్, అంటే పొట్ట గోడ నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్ చాలు. 2001లో వెలుగులోకి వచ్చిన పద్ధతి ఇది. పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది దింపుతారు. మందు సరైన చోట పడితే స్క్రీన్ మీద రెండు కండరాల పొరలు విడిపోయి, నడుమ నల్లటి చార తేలుతుంది. బీపీ పెద్దగా పడదు, కాళ్లు సాధారణంగా మొద్దుబారవు. కానీ పొట్ట గోడ నొప్పే పోతుంది, లోపలి నొప్పి పోదు. మందు బరువును బట్టి లెక్కకట్టాలి. బక్కపలచని మనిషికి ఎక్కువైతే నాలుక తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపై ఫిట్స్ కూడా రావచ్చు.

సిజేరియన్ సంగతి వేరు. వెన్నుకిచ్చే మత్తులోనే కాస్త మార్ఫిన్ కలిపితే దాదాపు ఒక రోజు నొప్పి పెద్దగా తెలియదు, దురద మాత్రం పెట్టవచ్చు. అది ఇచ్చాక టాప్ బ్లాక్ వల్ల అదనంగా ఒరిగేది తక్కువ, ఇవ్వకపోతేనే అడగండి.

ఒక్కసారి ఇచ్చే టాప్ బ్లాక్ సుమారు ఒక పూట పనిచేస్తుంది. పొద్దున ఇస్తే రాత్రి అందరూ పడుకునే వేళకు వదిలేస్తుంది. అందుకే డాక్టర్ రాసిన పారాసెటమాల్‌ను నొప్పి మొదలయ్యాక కాకుండా, టైముకే వేయమని సిస్టర్‌కు సాయంత్రమే గుర్తు చేయండి.