టెస్ట్ లీడ్స్ మీద ముద్రించిన రేటింగ్‌ను చూసి మోసపోకండి

మల్టీమీటర్‌కు (వోల్టులు, ఆంపియర్లు, ఓమ్స్ కొలిచే మీటర్) విడిగా టెస్ట్ లీడ్స్ (మీటర్‌కు తగిలించి కొలిచే ఎర్ర, నల్ల తీగలు) కొనాలనుకుంటున్న వారందరికీ ఈ హెచ్చరిక. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జత మీద ‘1000 వోల్టులు, క్యాట్ 3, 20 ఆంపియర్లు’ అని స్పష్టంగా ముద్రించి ఉంది. క్యాట్ అంటే ఎలాంటి చోట కొలవడానికి అది భద్రమో చెప్పే తరగతి. తీగ లావుగా, గట్టిగా కనిపించింది. కొంతకాలానికే, ఒక స్విచ్‌బోర్డు విప్పబోయే ముందు ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) ఆపి పరీక్షిస్తే మీటర్ సున్నా చూపింది. కరెంటు ఉందని ముందే తెలిసిన మరో సాకెట్‌లో అవే ప్రోబ్‌లు (లీడ్స్ చివర ఉండే, లోహపు మొన ఉన్న పిడులు) పెట్టి చూస్తే అక్కడా సున్నాయే వచ్చింది. వేరే లీడ్స్ తగిలించి చూశాక అసలు సంగతి బయటపడింది: ఎంసీబీ మీద అంటించిన చీటీ తప్పు, బోర్డులో పూర్తి సప్లై ఉంది. తెగిపోయిన లీడ్ చూపించే సున్నాకు, నిజంగా కరెంటు లేనప్పుడు వచ్చే సున్నాకు మీటర్ తెర మీద తేడా ఏమీ ఉండదు. ఆ అంకెను నమ్మి ఎవరైనా ఫేజు తీగను పట్టుకుని ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ లీడ్‌ను కోసి చూశాను. తీగ ప్రోబ్‌లోకి వెళ్లే చోట, సరిగ్గా రోజూ వంగే చోటే, పోగులు తెగిపోయి ఉన్నాయి. పైకి కనిపించిన లావంతా ప్లాస్టిక్ తొడుగే. లోపల ఉన్నవి వెంట్రుకల్లాంటి కొన్ని పోగులు మాత్రమే. అయస్కాంతం దగ్గర పెడితే అవి అతుక్కున్నాయి. రాగి అయస్కాంతానికి అంటుకోదు కనుక, అది రాగి పూత పూసిన ఇనుము. అటువంటి తీగకు 20 ఆంపియర్లు అని ముద్ర వేయడం పచ్చి మోసం. అమ్మకందారుకు ఫిర్యాదు చేస్తే అదే రకం జత ఇంకొకటి పంపుతామన్నారు. నాకు అక్కర్లేదని చెప్పాను.

కొనేటప్పుడు తొడుగు సిలికాన్‌దో కాదో చూడండి. పీవీసీ చలికి బిరుసెక్కుతుంది, సోల్డరింగ్ ఐరన్ తగిలితే కరుగుతుంది. సిలికాన్ మెత్తగా వంగుతుంది, వేడిని బాగా తట్టుకుంటుంది. మంచి రకాల్లో తొడుగు రెండు పొరలుగా, వేర్వేరు రంగుల్లో ఉంటుంది. లోపలి రంగు బయటపడిన రోజున ఆ లీడ్‌ను పక్కన పెట్టేయాలి. టెస్ట్ ప్రోబ్‌ల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61010-031. మెయిన్ బోర్డుల వంటి చోట్ల వాడే క్యాట్ 3, క్యాట్ 4 ప్రోబ్‌లకు బయట కనిపించే లోహపు మొన 4 మిల్లీమీటర్లకు మించకూడదు, ఎందుకంటే మొన పొడవుగా ఉంటే పక్కపక్కనే ఉన్న రెండు టెర్మినళ్లను తాకి షార్ట్ చేసే ప్రమాదం ఉంది. మొనకు తొడిగిన టోపీ తీసేస్తే సాధారణంగా ఆ రేటింగ్ క్యాట్ 2కు పడిపోతుంది. మీటర్‌కు ఎంత రేటింగ్ ఉన్నా, లీడ్‌కు తక్కువ ఉంటే ఆ తక్కువే లెక్కలోకి వస్తుంది.

కొత్త జత చేతికి రాగానే మీటర్‌ను అతి తక్కువ ఓమ్స్ రేంజిలో పెట్టి, రెండు మొనలను గట్టిగా కలిపి పట్టుకుని, తీగను ప్రోబ్ దగ్గరా ప్లగ్ దగ్గరా వంచుతూ అంకెను గమనించండి. సాధారణంగా అది అర ఓమ్ కంటే తక్కువగా, కదలకుండా ఉండాలి. వంచినప్పుడల్లా అంకె ఎగిరిపడితే ఆ జతను తిప్పి పంపేయండి. బజర్ మోగింది కదా అని సరిపెట్టుకోకండి. పదుల ఓమ్స్ నిరోధం ఉన్నా చాలా మీటర్లలో బజర్ మోగుతుంది.

వాడకంలో ప్రధానమైనది ఒక్కటే: కరెంటు ఉన్నట్టు తెలిసిన చోట ముందు పరీక్షించి, తర్వాత పని చేయాల్సిన చోట చూసి, మళ్లీ మొదటి చోటికి వచ్చి మీటర్, లీడ్స్ ఇంకా పనిచేస్తున్నాయని నిర్ధారించుకోవాలి. వేళ్లు మొన వైపు జారకుండా ప్రోబ్ మీద ఉండే అంచుకు వెనుకే ఉండాలి. ఆంపియర్లు కొలిచాక ఎర్ర ప్లగ్‌ను వెంటనే వోల్టుల జాక్‌లోకి మార్చాలి, ఎందుకంటే ఆంపియర్ల జాక్‌లోనే ఉంచి సాకెట్‌లో ప్రోబ్‌లు పెడితే అది నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది, ఆ కరెంటంతా ఈ తీగల గుండానే పోతుంది.

పాడైన లీడ్స్‌ను పెట్టెలో దాచిపెట్టకుండా, ఇంకెవరూ తీసి వాడకుండా, మధ్యకు కత్తిరించి పారేయండి.