సముద్రం వెనక్కి వెళ్లిపోయిన వీధి

ఆఫీసు పని మీద అయిదు రోజులు సింగపూర్ వెళ్లాను. బస దగ్గరే దెబ్బతిన్నాను. బుక్ చేసేటప్పుడు ఫొటోలో కనిపించిన కిటికీ నాకిచ్చిన గదికి లేదు. అడిగితే దానికి వేరే రేటన్నారు. అక్కడ కిటికీ లేని గదులు మామూలేనట, డబ్బు కట్టే ముందే చూసుకోండి. ఆ గదిలో కూర్చోలేక రోజూ బయటపడి నడిచాను. అదే మంచిదైంది.

ఎక్కువగా తిరిగింది తెలోక్ అయర్ వీధిలో. మలయ్‌లో తెలోక్ అంటే అఖాతం, అయర్ అంటే నీళ్లు. 19వ శతాబ్దం చివర్లో పూడ్చేదాకా సముద్రం ఈ వీధి అంచు వరకూ ఉండేది. ఓడ దిగినవాళ్లు ప్రాణాలతో ఒడ్డు చేరామని ఇక్కడే మొక్కులు తీర్చుకునేవారు. తమిళనాడు తీరం నుంచి వచ్చిన ముస్లింలు 1828-30 మధ్య నాగూర్ దర్గా కట్టారు. నాలుగడుగులు వేస్తే హొక్కియన్ చైనీయులు సముద్రపు తల్లి మజుకు కట్టిన థియన్ హాక్ కెంగ్ గుడి, 1842లో పూర్తయింది. ఇంకాస్త ముందుకెళ్తే అల్ అబ్రార్ మసీదు. మొదట్లో అది పూరిపాక. తమిళులు దాన్ని ఇప్పటికీ కూచు పళ్లి అంటారు, అంటే గుడిసె మసీదని.

మొదటి రోజు సాయంత్రం వెళ్తే గుడి మూసేసి ఉంది. మర్నాడు ఆఫీసుకు ముందే వెళ్లాను. గడప ఎంత ఎత్తంటే చూసుకుని కాలెత్తి దాటాల్సిందే. లోపల అగరుధూపం, తలవంచి మొక్కుతున్న ఒక పెద్దావిడ. బయటికొస్తూ గడప దగ్గర ఆగి చూశాను. తల్లి చూపు ఆనాడు పడిన నీళ్ల మీద ఇప్పుడు ఆఫీసు మేడలు నిలబడ్డాయి. మా ఆఫీసూ వాటిలో ఒకటే. చాలాసేపు కదలాలనిపించలేదు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచేసింది. పాత దుకాణాల ముందు వరసగా పైకప్పున్న, అరుగుల్లాంటి నడవలున్నాయి. ఇలా నడవలు వదలాలన్న నియమం 1822లో బ్రిటిష్ అధికారి రాఫిల్స్ వేసిన పట్టణ ప్రణాళికలోనే ఉందట. తడవకుండా వీధి చివరిదాకా నడిచాను. మెట్ల దగ్గర ఎత్తుపల్లాలు మాత్రం చూసుకోవాలి.

తిండికి పక్కనే లావ్ పా సాట్ అనే తినుబండారాల అంగడి ఉంది, 1894 నాటి పోత ఇనుప కట్టడం. రాత్రయితే పక్క వీధిలో బొగ్గుల మీద సాతే, అంటే పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలు, కాలుస్తారు. మాంసం తినేవాళ్లు వదలొద్దు. శాకాహారులు తెలోక్ అయర్ స్టేషన్‌లో రైలెక్కితే మారే పని లేకుండా లిటిల్ ఇండియాలో దిగొచ్చు. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో దోసె తిన్నాక ప్రాణం లేచొచ్చింది.