సబ్‌మెరైన్ వాళ్ల కలయికకి ఈ సైనిక్‌పురి హాలు ఎలా ఉంటుంది, ఏమేం అడిగి చేయించుకోవాలి

నేవీలో సబ్‌మెరైన్ల మీద పనిచేసి రిటైరైనవాళ్లు సబ్‌మెరైన్ దినమైన డిసెంబర్ 8న కలుసుకోవడానికి హాలు వెతుకుతుంటే, ముందు చూడాల్సింది బిర్యానీ కాదు. బల్లకి అవతల కూర్చున్న మనిషి మాట ఇవతల వినిపిస్తుందా లేదా అన్నది చూడాలి. ఆ లెక్కన సైనిక్‌పురిలోని ఈ హోటల్ మొదటి అంతస్తులోని చిన్న హాలుకి ఐదుకి నాలుగు మార్కులు. నలభై మందికి హాయిగా సరిపోతుంది. యాభై దాటితే కుర్చీలు జరుపుకోవడానికి చోటుండదు. ఇలాంటి కలయికలో కుర్చీలు జరగకపోతే సగం సరదా పోయినట్టే.

వినికిడి గురించి ఇంతగా ఎందుకంటే, పాత రష్యన్ ఫాక్స్‌ట్రాట్ తరగతి బోట్లలో (సబ్‌మెరైన్‌ని వీళ్లు బోటనే అంటారు) మూడు డీజిల్ ఇంజన్లు ఒకే కంపార్ట్‌మెంట్‌లో తిరిగేవి. అక్కడ వాచ్‌లు, అంటే వంతులవారీ డ్యూటీలు, చేసినవాళ్లలో చాలామందికి ఇప్పుడు చెవి మిషన్ ఉంది. ఆ మిషన్ మాటనీ, స్టీలు ప్లేటు చప్పుడునీ కలిపే పెంచుతుంది. నున్నటి టైల్సు, అద్దాల గోడలు, ఎత్తైన కప్పు ఉన్న ఫంక్షన్ హాల్లో వీళ్లని కూర్చోబెడితే పావుగంటలో తల ఊపుతూ నవ్వడం మొదలుపెడతారు. అంటే ఏమీ వినపడటం లేదని అర్థం. ఈ హాల్లో కింద కార్పెట్, రెండువైపులా మందపాటి కర్టెన్లు, తక్కువ ఎత్తు ఫాల్స్ సీలింగ్ ఉన్నాయి. మాట ప్రతిధ్వనించదు. కర్టెన్లు ఫొటోల కోసమని తీసేస్తుంటారు, వేసి ఉంచమనండి. వడ్డన కౌంటర్లు తలుపు బయట వరండాలో పెట్టించండి, ప్లేట్ల గలగల అక్కడే ఆగిపోతుంది.

అడక్కపోతే వాళ్లు స్టేజీ ఎదురుగా వరసలు వేసేస్తారు. అది వద్దు, గుండ్రటి బల్లలు అడగండి. వాళ్ల బల్ల ఎనిమిది మందికని చెప్తారు, ఆరు కుర్చీలే వేయించండి. ఆరుగురైతే అందరూ ఒకే మాట వింటారు, ఎనిమిదైతే బల్ల రెండు ముక్కలవుతుంది. ఒక బోటు వాళ్లందరినీ ఒకేచోట కూర్చోబెట్టకండి. ఆటపట్టించడానికి అవతలి పార్టీ ఉండాలి కదా. డీజిల్ వాళ్ల పక్కన ఎలక్ట్రికల్ వాళ్లని, రష్యన్ బోట్ల వాళ్ల మధ్య జర్మన్ బోట్ల వాళ్లని వేస్తే మిగతాది దానంతటదే నడుస్తుంది.

ఎలా నడుస్తుందో తెలియని హోటల్ కుర్రాళ్లు మొదట్లో గొడవ అనుకుని మేనేజర్ని పిలుస్తారు, ముందే చెప్పి ఉంచండి. "మీ బ్యాటరీ దిగిపోతే మా డీజిలే కదా దిక్కు" అని ఇటువైపు. "నీళ్లలో మునిగాక మీ డీజిల్ దేనికి పనికొచ్చింది, మా మోటారు మీదేగా ఇంటికొచ్చింది" అని అటువైపు. రెండూ నిజమే. మునిగినప్పుడు బ్యాటరీ తప్ప గతి లేదు, ఛార్జింగ్‌కి పైకొచ్చి ఇంజన్‌కి గాలి లాగే గొట్టం, స్నార్కెల్, ఎత్తక తప్పదు. కెరటం మీదికొచ్చి స్నార్కెల్ వాల్వ్ మూసుకుందంటే ఇంజన్ బోటు లోపలి గాలినే లాగేస్తుంది, అందరికీ చెవులు పట్టేస్తాయి. ఆ పాపం ఆరోజు డెప్త్ సరిగా పట్టని ప్లేన్స్ ఆపరేటర్‌దేనని, అంటే బోటు లోతుని రెక్కలతో అదుపుచేసేవాడిదేనని, ఒప్పుకుని తీరాలని ఇంజన్ వాళ్లు ఇప్పటికీ పట్టుబడతారు. ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారిందా, సోనార్ వాళ్లని "బేరింగ్ ఎంత, రేంజ్ ఎంత" అని నిలదీస్తారు. "దిక్కు చెప్తాం, దూరం లెక్క కట్టుకోవడం మీ పని" అన్నది వాళ్ల జవాబు. చప్పుడు విని పట్టే సోనార్‌కి దిక్కు వెంటనే తెలుస్తుంది, దూరం లెక్కగట్టి తీయాలి. ఇక పైన తేలే ఓడల్లో పనిచేసినవాళ్లు అతిథులుగా వస్తే వాళ్లని పరిచయం చేసే పద్ధతి ఒక్కటే: "వీళ్లు మా టార్గెట్లు."

ఎనభై దగ్గర పడ్డ పాత కమాండింగ్ ఆఫీసర్‌ని, ఆయన కింద పనిచేసిన చీఫ్‌లు (సీనియర్ నావికులు) "సర్" అనే పిలుస్తారు, అదే నోటితో "మీరు పెరిస్కోప్ వదిలేవారా సర్, మాకెప్పుడైనా చూపించారా" అని అడుగుతారు. ఆ చనువు బయటివాళ్లకి వింతగా ఉంటుంది. డెబ్భై మందికి పైగా మనుషులు ఒక గొట్టంలో వారాల తరబడి ఉన్నారు. ఒకడు వాల్వు తప్పు తిప్పితే అందరూ పోతారు. సబ్‌మెరైన్ వాళ్ల గుర్తయిన డాల్ఫిన్ బ్యాడ్జి రావాలంటే ఎవరి పని వాళ్లకి వస్తే చాలదు, బోటులో ఉన్న ప్రతి సిస్టమ్ నేర్చుకుని పరీక్షలో చూపించాలి. అందుకే వంటవాడికి కూడా బోటుని ముంచి తేల్చే నీటి ట్యాంకుల గురించి మాట్లాడే హక్కుంది, ఆ హక్కుని వాడుకుంటాడు కూడా.

మెట్లు ఇరవై పైనే. లిఫ్టు ఉంది కానీ నలుగురికే. మోకాళ్లు నొప్పులున్నవాళ్లని ముందుగా, పదకొండుకల్లా రమ్మనండి. "నిలువు నిచ్చెన మీద కన్నింగ్ టవర్ ఎక్కినోడివి, నీకు లిఫ్టెందుకురా" అనే మాట కింద గేటు దగ్గరే మొదలవుతుంది, ఆ మాటకి పౌరుషపడి మెట్లెక్కేవాళ్లని ఆపే బాధ్యత నిర్వాహకులదే. టాయిలెట్ అదే అంతస్తులో ఉంది, పట్టుకోవడానికి గోడకి రాడ్ ఉంది, నేల జారదు. దీనికి పూర్తి మార్కులు. బోటులో ఫ్లష్ అంటే వాల్వులన్నీ వరస ప్రకారం తెరిచి మూయాలి, వరస తప్పితే లోపలిదంతా మొహాన కొడుతుంది. కాబట్టి బయటికొచ్చిన ప్రతివాడినీ "వరస సరిగ్గా చేశావా" అని అడుగుతారు. వెయిటర్లకి దాని అర్థం ఎవరో ఒకరు విడమరిచి చెప్తే బాగుంటుంది.

ఫ్లెక్సీ దగ్గరే జాగ్రత్త పడాలి. ప్యాకేజీలో ఆరడుగుల ఫ్లెక్సీ ఉచితమంటారు. "కల్వరి" అని ఒక్క మాట చెప్పి వదిలేస్తే డిజైన్ చేసే కుర్రాడు నెట్‌లో మొదట కనిపించిన బొమ్మ పెట్టేస్తాడు, అది 2017లో చేరిన కొత్త స్కార్పీన్ తరగతి కల్వరి. డిసెంబర్ 8 జరుపుకునేది 1967లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో నేవీలో చేరిన పాత కల్వరి, మన మొదటి సబ్‌మెరైన్, కోసం. పాతదాని నంబరు ఎస్23, కొత్తదానికి ఎస్21. పాత నంబర్లే కొత్త బోట్లకి ఇవ్వడంతో తికమక ఇంకా ఎక్కువ: అప్పట్లో ఎస్21 అంటే కరంజ్. తప్పు బొమ్మ పడితే ఆ రోజంతా అదే చర్చ. తేలిక దారి ఏంటంటే విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా ఫొటో మీరే ఇవ్వండి. అదీ ఫాక్స్‌ట్రాటే, ఎస్20, ఎవరూ వంక పెట్టలేరు. ప్రూఫ్ వాట్సాప్‌లో చూడకుండా ప్రింటుకి ఒప్పుకోవద్దు.

ప్రొజెక్టర్ అద్దెకిస్తామంటారు, తీసుకోకండి. లైట్లు ఆర్పితే మాటలు ఆగిపోతాయి, పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్లకి మరీ కష్టం. దానికి బదులు రెండు థర్మకోల్ షీట్లు కొని, పాత ఫొటోలు పోస్టుకార్డు సైజులో ప్రింటు తీయించి, ఛాతీ ఎత్తులో గోడకి ఆనించండి. బోటు పేరు, ఏడాది మాత్రమే రాయండి, మనుషుల పేర్లు రాయకండి. వెనక వరసలో సగం మొహం కనిపించేది ఎవరిదన్న వాదన మీద గంట గడుస్తుంది. పక్కన ఒక పెన్ను కట్టి ఉంచితే తేలిన పేర్లు వెనకాల రాసుకోవచ్చు.

భోజనం బాగుంది, వేళే సమస్య. ఒంటిగంటకని చెప్పిన భోజనానికి వీళ్లు రెండు దాకా లేవరు. బిర్యానీ దమ్ము విప్పాక ఎక్కువసేపు ఉంటే పైన మెతుకు ఎండిపోతుంది, అడుగున మాడుతుంది. నలభై మందికి ఐదు కిలోల బియ్యం, ఐదు కిలోల మటన్ చాలు. ఒకే హండీ కాకుండా రెండు చేయించి, రెండోది గంట ఆలస్యంగా దమ్ముకి పెట్టించండి. ఉప్పు, కారం తగ్గించమని ముందురోజే చెప్పాలి, మసాలా పట్టించాక చేసేదేమీ లేదు. బీపీ వాళ్లకి ఇక్కడి పప్పు, గుత్తి వంకాయ, పెరుగన్నం నిజంగా బాగుంటాయి. ఖుబానీ కా మీఠా చిన్న గిన్నెల్లో ఇమ్మనండి. నీళ్లు చిన్న సీసాలు వద్దు, కూజాలు పెట్టించండి. మంచినీళ్లు కొలిచి వాడుకున్న అలవాటు ఇంకా పోలేదు వీళ్లకి, సగం తాగిన సీసా కనిపిస్తే మనసొప్పదు.

చాయ్ ఒక్కటే నిరాశ. పాలూ డికాక్షనూ కలిపి పెద్ద డ్రమ్ములో పోసి వేడి మీద ఉంచుతారు, అరగంటలో చేదెక్కుతుంది. డికాక్షన్, పాలు వేరువేరుగా తెచ్చి కప్పులో కలపమనండి, ఒక కెటిల్ చక్కెర లేకుండా ఉంచమనండి. విడతకి నాలుగు లీటర్లు, కనీసం మూడు విడతలు. పక్కన ఉస్మానియా బిస్కెట్లు మీరే తెచ్చుకోవచ్చు, అభ్యంతరం పెట్టరు.

మిలిటరీ క్యాంటీన్‌లో కొన్న మందు బాటిళ్లు లోపలికి రానివ్వరు. ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తెచ్చుకుంటేనే ఒప్పుకుంటారు. ఆ విషయంలో హోటల్ వాళ్లదే న్యాయం.

ఒక్క సందర్భంలో మాత్రం హాలంతా నిశ్శబ్దంగా ఉండాలి. 2013 ఆగస్టు 14న ముంబయి డాక్‌యార్డ్‌లో సింధురక్షక్ సబ్‌మెరైన్ పేలుడులో పోయిన 18 మందికి, 2014 ఫిబ్రవరిలో సింధురత్న సబ్‌మెరైన్‌లో పొగకి ప్రాణాలు పోయిన ఇద్దరు అధికారులకి, ఆ ఏడాదిలో వెళ్లిపోయిన తోటివాళ్లకి రెండు నిమిషాలు లేచి నిలబడతారు. ఇది కార్యక్రమం మొదట్లోనే, భోజనానికి చాలా ముందు పెట్టుకోండి. ఏసీ బ్లోయర్, వరండాలో వడ్డన సర్దడం, లిఫ్టు దగ్గర పాట, అన్నీ ఆపించాలి. సూపర్‌వైజర్ ఒకరికి చేయి ఎత్తి సైగ చేస్తామని ముందే చెప్తే చక్కగా పాటిస్తారు. పక్క హాల్లో డీజే ఉంటే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు, మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. ధనుర్మాసం ఇంకా రాదు కాబట్టి డిసెంబర్ మొదటి పక్షం పెళ్లిళ్ల వేళ. ఎనిమిదో తేదీ ఆదివారం పడినా, ముహూర్తం ఉన్నా పక్క హాలు ఎవరికిచ్చారో కనుక్కుని, పగలు డీజే లేదని రసీదు మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

సాయంత్రం నాలుగింటికి హాలు ఖాళీ చేయాలంటారు. అది చాలదు, బుకింగ్ అప్పుడే రెండు గంటలు అదనంగా తీసుకోండి. ఆ రోజు అప్పటికప్పుడు అడిగితే ఎక్కువ తీసుకుంటారు. సికింద్రాబాద్ నుంచి ఈసీఐఎల్ వైపు బస్సుల్లో వచ్చినవాళ్లని చీకటిపడకముందే దింపడానికి కార్లున్నవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి తలుపు దగ్గర అంటించండి.